గజ్జెలమేడకు ఒక టికెట్టు

యుద్ధం రోజుల్లో మదనపల్లె నుంచి పుంగనూరు పోయే సాయంత్రం బస్సుకు నేను కండక్టరుని. పెట్రోలు దొరకని కాలం. బస్సు వెనక ఒక ఇనుప పొయ్యి బిగించి, దాంట్లో కట్టెబొగ్గు మండించి, ఆ గ్యాసుతో ఇంజను నడిపేవాళ్లం. జనం దాన్ని బొగ్గు బస్సు అనేవాళ్లు. చదును దారిలో బాగానే పోయేది. మిట్ట వస్తే మాత్రం దానికి ఆయాసం. సగం దారి దాటాక ఒక పెద్ద మిట్ట ఉంది. రోడ్డు ఆ గుట్టను చుట్టుకొని మైలుంబావు తిరిగి పైకి చేరుతుంది. ఆ మిట్ట కింద బస్సు ఆపి అందరినీ దించేవాళ్లం. ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు లోపలే కూర్చునేవాళ్లు. మగవాళ్లు నెట్టేవాళ్లు. ఆడవాళ్లు కాస్త ఎడంగా వెనక నడిచి వచ్చేవాళ్లు. నేను ఒక రాయి పట్టుకొని చక్రం వెంట నడిచేవాణ్ణి. బస్సు వెనక్కి జారితే చక్రం కింద రాయి పెట్టాలి. మిట్ట పైకి చేరాక అందరూ మళ్లీ ఎక్కేవాళ్లు. నేను తలుపు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టేవాణ్ణి.

ఆ లెక్క నేను బడిలో నేర్చింది కాదు. బడికి నేను పోలేదు. మాది కుప్పం దగ్గర ఒక మెట్ట పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. సాయంత్రం మా తాత దొడ్డి వాకిట్లో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేవాడు. గొర్రెలు జతలు జతలుగా దూరేవి. తాత వేళ్ల గణుపుల మీద జత, జత, జత అనుకుంటూ పోయేవాడు. చివర మిగిలినదాన్ని మాత్రం ఎంచేవాడు కాదు. "అది గంగమ్మది రా. దాన్ని సూడగూడదు. ఒకటి కలుపుకో, అంతే," అనేవాడు. మందను పూర్తిగా ఎంచితే కన్ను పడుతుందని మా ఇంటి భయం. మొత్తానికి ఒకటి తక్కువ దాకా ఎంచడం, చివరిదాన్ని చూడకుండానే కలుపుకోవడం, ఇదీ మా లెక్క. ఎక్కాలు, భిన్నాలు, మైళ్లు, ఫర్లాంగులు తర్వాత ఒక్కణ్ణే కూర్చొని నేర్చుకున్నాను. అవన్నీ వచ్చాక కూడా బస్సు తలుపు దగ్గర నిలబడితే నాలో లెక్కపెట్టేది తాతే. జతలు ఎంచేవాణ్ణి, చివరి మనిషిని చూడకుండా ఒకటి కలిపేవాణ్ణి, రైట్ అని అరిచేవాణ్ణి. అది తప్పని నాకు తోచలేదు.

మిట్ట పైన, బస్సు మళ్లీ బయల్దేరాక ఒక ఫర్లాంగు దూరంలో, రోడ్డుకు ఎడమ పక్కన గజ్జెలమేడ ఉండేది. మూడు తరాల కింద ఒక దొర మేళాల కోసం కట్టించిన హాలు అది. పదహారు టేకు స్తంభాలు. నేలంతా చెక్క. ఆ చెక్కల కింద కుండలు బోర్లించి పెట్టారని, అందుకే ఒక పాదం వేస్తే గదంతా పలుకుతుందని చెప్పుకునేవాళ్లు. దొరల రోజులు సన్నగిల్లి ఆట ఆగిపోయింది. నేను ఎరిగేనాటికి కిటికీ రెక్కలు ఊడి, చూరులో పావురాలు చేరి ఉన్నాయి. వెనక గదిలో ఒక ముసలామె ఉండేది. ఒకప్పుడు అక్కడ ఆడిన మనిషి. రోజూ దీపం పెట్టి, చెక్క నేల ఊడ్చి, ఉండడానికి ఆ గది మాత్రం దక్కించుకుంది. మేడకు ఎదురుగా దొర ఏజెంటు పశువుల కొట్టం. ఏజెంటు సాయంత్రాలు ఆ కొట్టం ముందర మంచం వాల్చుకొని, వచ్చే బస్సును, దిగే మనిషిని చూస్తూ కూర్చునేవాడు.

ఆ మేడకు ఒక దయ్యం కథ ఉంది. నేను పనిలో చేరిన వారానికే మా డ్రైవరు చెప్పాడు. పెద్దతిప్పసముద్రం వైపు మనిషి, వయసులో నాకంటే పెద్ద, నోరు ఊరుకోదు.

"ఒక తెల్లచీర ఎక్కుతాది అప్పా. వెనక మూల సీట్లో కూసుంటాది. మేడకాడ దించండి అంటాది. మేడకాడ బస్సు నిలిపితే సీట్లో మనిషి ఉండదు. ముందు గుర్రబ్బండ్లు ఎక్కేది. ఇప్పుడు కాలం మారింది గదా, బస్సు ఎక్కుతాంది."

"టికెట్టు తీసుకుంటాదా?" అని అడిగాను.

"తీసుకుంటాది. దయ్యమైనా మన కంపినీని ముంచదు."

బస్సులో అందరూ నవ్వారు. కలికిరి నుంచి చింతపండు మూటతో వచ్చే ఒక ముసలావిడ మాత్రం నవ్వలేదు. "అమావాస్యకే వస్తాదంట నాయనా. నవ్వొద్దండి," అంది.

నిజమే, మేడకు టికెట్టు తీసుకునే తెల్లచీర ఒకతె ఉంది. నెత్తి మీద కొంగు కప్పుకొని, చేతిలో గుడ్డ సంచి పట్టుకొని మదనపల్లెలో ఎక్కేది. మేడ దగ్గర నేను "గజ్జెలమేడ!" అని అరిస్తే ఎవరూ దిగేవాళ్లు కాదు. వెనక్కి చూస్తే మూల సీటు ఖాళీ. బస్సులో మాటలు ఆగిపోయేవి. డ్రైవరు స్టీరింగు తాకి కళ్లకద్దుకొని గేరు వేసేవాడు. మొదటిసారి నాకూ వెన్నులో చలి పుట్టింది. రెండోసారి చలి తగ్గింది, చిరాకు పెరిగింది. గొర్రెల ఇంట్లో పుట్టినవాడికి ఒకటి తక్కువైతే ముద్ద దిగదు. మా తాత ఒక్క గొర్రె కోసం తెల్లవార్లూ గుట్టలన్నీ తిరిగిన మనిషి.

మా ట్రిప్ షీట్ల నకళ్లు నా దగ్గర ఉంచుకునేవాణ్ణి. ఒక ఆదివారం వాటిని వరసగా పరిచి చూశాను. ఎనిమిది టికెట్లు మేడకు తెగాయి, దిగిన మనిషి లేదు. ఎనిమిదీ శనివారాలే. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య సరిగ్గా ఇరవైఎనిమిది రోజులు. పంచాంగం తెచ్చి పక్కన పెట్టుకున్నాను. మొదటిది అమావాస్య రోజే పడింది. ఎనిమిదో దానికి వచ్చేసరికి అమావాస్య కంటే పది రోజులు ముందుకు జరిగింది. అంటే ఆ తెల్లచీర చంద్రుణ్ణి చూసి రావడం లేదు. నాలుగు వారాలకొక శనివారం సెలవు ఇచ్చే చోటు నుంచి వస్తోంది. దయ్యాలకు సెలవు ఇచ్చే చోటు నాకు తెలిసి ఏదీ లేదు.

తొమ్మిదో శనివారం వాన పడింది. జనం తక్కువ. మిట్ట కింద దిగినవాళ్లు పదకొండు మంది. పైన తలుపు దగ్గర నిలబడి ఎంచుతున్నాను. అయిదు జతలు ఎక్కాయి. నా నోరు అలవాటుగా "పదకొండు" అనేసింది. అనేశాక చూస్తే మెట్టు మీద ఎవరూ లేరు. నా వెనక రోడ్డు మీదా ఎవరూ లేరు. వాన నీళ్లు పారుతున్నాయి, అంతే.

తొమ్మిది శనివారాలుగా నేను ఏం చేస్తున్నానో అప్పుడు తెలిసింది. గంగమ్మ పేరు మీద చూడకుండా కలుపుకున్న ఆ ఒకటే ఆమె. ఎప్పుడూ వెనక నడిచేది, ఎప్పుడూ చివర ఎక్కాల్సిన మనిషి. బస్సులో మాయమైంది కాదు. మిట్ట కింద దిగి, మళ్లీ ఎక్కనే లేదు. బస్సు వెనక వైపుకు నడిచి గుట్ట వైపు చూశాను. మేడ వెనక బండల మధ్య తెల్లగా ఏదో కదిలింది. నేను రైట్ చెప్పాను. మేడ దగ్గర బస్సు ఆగింది, అందరూ ఖాళీ సీటు చూశారు, డ్రైవరు కళ్లకద్దుకున్నాడు. 

తర్వాతి నాలుగు వారాలు నేను రోజులు ఎంచుకున్నాను. ఆ శనివారం మిట్ట కింద అందరూ దిగాక, రాయి వెతికే నెపంతో వెనక ఉండిపోయాను. మగవాళ్లు బస్సును నెట్టుకుంటూ మలుపు తిరిగారు. ఆడవాళ్లు వాళ్ల వెనక పోయారు. ఆమె చెప్పులో ముల్లు తీస్తున్నట్టు ఒక బండ దగ్గర కూర్చుంది. నేను రాయి చేత్తో పట్టుకొని ఎదురుగా నిలబడ్డాను.

తలెత్తి చూసింది. ముప్పై లోపే ఉంటుంది. దవడలు లోపలికి పోయిన మొహం, చాలా పెద్ద కళ్లు. బెదరలేదు.

"దయ్యాన్ని కొట్టను రాయి తెచ్చినావా అప్పా?"

నాకు రాయి సంగతి అప్పుడు గుర్తొచ్చి కింద పడేశాను. "లెక్క ఒకటి తక్కువొస్తాంది అమ్మణ్ణీ," అన్నాను.

"ఒకటే గదా. రాసుకో."

"లేని మనిషిని ఎట్ల రాసుకునేది?"

"ఇన్ని నెల్లు రాసుకున్న్యావు గదా. ఈ పొద్దేమి కొత్త?"

 ఆమె నవ్వి, నవ్వు దగ్గుగా మారుతుంటే కొంగు అడ్డం పెట్టుకొని ఆగింది. తర్వాత సూటిగానే చెప్పింది. ఆ మేడలో ముసలామె కూతురు ఆమె. ఆ చెక్క నేల మీద చివర ఆడింది ఆమే. క్షయ వచ్చింది. మదనపల్లె దగ్గర క్షయ ఆసుపత్రిలో రెండేళ్లు మంచం మీద ఉంది. నయమైంది. ఇంటికి తిరిగి పోలేక అక్కడే ఆయాగా చేరింది. ఆ తెల్లచీర ఆసుపత్రి చీర.

"నయమైనంక ఇంటికి పోయేకి ఏమి?"

"ఏజెంటు మా అమ్మకి సెప్పినాడు. దగ్గు మనిషి ఈ గడప తొక్కితే ఆ పొద్దే నీ మూట బయట అని. మా అమ్మకి ఇంకో గడప యాడుండాది?"

"నయమైందని కాగితం ఉంటాది గదా."

"ఉండాది. డాక్టరమ్మ రాసిచ్చింది. ఆయప్పకి కాగితం కన్నా దగ్గే బాగా ఇనిపిస్తాది."

బస్సు దిగితే కొట్టం ఎదురుగా దిగాలి. అందుకని మిట్ట కిందే దిగి, గుట్ట మీది కాలిబాటన మేడ వెనక మెట్ల దాకా ఎక్కుతుంది. తల్లితో ఒక పూట ఉండి, తెల్లవారుజామున అదే బాటన దిగి పాలబండి ఎక్కి పోతుంది. మిట్ట కింద స్టేజి లేదు కనక టికెట్టు మేడకే తీసుకుంటుంది.

"మరి ఆ దయ్యం కత?"

"మా అమ్మే పుట్టించింది. బతికుండేదాన్ని రానీరంట. అందుకని సచ్చిపోతి." చెప్పు తొడుక్కొని లేచింది. "సచ్చినంక ఎవురూ అడ్డం రాలా. మేడ పక్కకి రానుగూడా బయపడతాండారు. ఇప్పుడు నువ్వొచ్చినావు, లెక్క లెక్క అని."

నా లెక్క సరి చేస్తే ఏమవుతుందో నాకు అర్థమైంది. తల్లికి గది పోతుంది. కూతురికి నెలకు దక్కే ఆ ఒక్క పూట పోతుంది. బాట వైపు చూస్తూ, ఏదో ఒకటి అడగాలి కనక అడిగాను. "ఈ దావ ఎంత దూరముంటాది?"

"ఐదునూర్ల పన్నెండు అడుగులు."

దూరం అడిగితే ఫర్లాంగులు చెప్పేవాళ్లను చూశాను, చుట్ట కాల్చినంత సేపని చెప్పేవాళ్లను చూశాను. ఇట్లా అడుగుతో సహా చెప్పిన మనిషిని అదే చూడటం. "ఎట్ల ఎంచినావు?" అన్నాను.

"ఎనిమిదులుగా. అరవైనాలుగు ఎనిమిదులు. మీ మాదిరి జతలు ఎంచితే మాకు తాళం కుదరదు. ఎనిమిది అడుగులు, ఒక ఊపిరి. మళ్లా ఎనిమిది. డాక్టరమ్మ ఆడొద్దనింది గాని ఎక్కొద్దనలా."

అప్పుడే పైనుంచి డ్రైవరు కేక. "ఏమప్పా! రాయి తెమ్మంటే రాయికి పెండ్లి జేస్తాండావా?"

ఆమె బండల వెనక్కి పోయింది. నేను పరిగెత్తాను. పైన తలుపు దగ్గర నిలబడి జతలు ఎంచాను, చూడకుండా ఒకటి కలుపుకున్నాను. చూడకూడదని మా తాత చెప్పినదానికి ఒక అర్థం ఆ రోజు దొరికింది.

అటు తర్వాత ఆరు శనివారాలు నాకు బాగా గుర్తున్నాయి. పొద్దున్నే గడ్డం గీసుకునేవాణ్ణి. వెనక మూల సీటు పొయ్యికి దగ్గర, బొగ్గు మసి ఎప్పుడూ పట్టి ఉండేది. బస్సు స్టాండులోకి రాకముందే దాన్ని తడిగుడ్డతో రెండుసార్లు తుడిచేవాణ్ణి. "ఆ సీటుకి ఏం వైభోగమప్పా, దయ్యానికి దిష్టి తీస్తాండావా?" అని డ్రైవరు ఎగతాళి చేసేవాడు. ఆమె సంచిలో తల్లికి ఆసుపత్రి రొట్టె ఉండేది. పళ్లు లేవు కదా, నానబెట్టుకొని తింటుందని చెప్పింది. మిట్ట కింద మాకు దొరికేది రాయి వెతుక్కునేంత వ్యవధి, రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఆమె మేడ గురించి చెప్పేది. నేల కింద కుండలు ముప్పైరెండట. చిన్నప్పుడు వాళ్లమ్మ ఒక్కో కుండ ఎక్కడుందో చెవితో కనిపెట్టమనేదట. నడుమ స్తంభం పక్క కుండ బీటలు వారింది, దాని మీద పాదం వేస్తే మొద్దుగా పలుకుతుంది, అందుకని అక్కడ ఎప్పుడూ తిరగకుండా దాటేసేదట.

"ఒకసారి ఇనాల," అన్నాను ఒక శనివారం.

"నా టికెట్టు మేడ దాకా ఉండాది గదా, దాని మింద నువ్వు దిగు," అంది. దిగడానికి వీల్లేదని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు నాకు ముప్పైఒకటి. పెళ్లి కాలేదు. మా అమ్మ పల్లెలో పిల్లను చూస్తోంది. తెల్లచీర మనిషికి చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉంది. ఆరు శనివారాలు, రెండేసి నిమిషాలు, మొత్తం పన్నెండు నిమిషాలు. ఒక మాటకు పన్నెండు నిమిషాలు చాలకపోవడం ఉండదు. ప్రతిసారీ రాయి ఎత్తుకొని పరిగెత్తాను, వచ్చే నాలుగో శనివారం ఉంది కదా అనుకున్నాను.

ఏడో శనివారం మేడ దగ్గర బస్సు ఆగగానే ఏజెంటు మంచం మీది నుంచి లేచి వచ్చాడు. చేతికర్ర తలుపుకు అడ్డం పెట్టాడు. పొద్దు ఇంకా పూర్తిగా కుంకలేదు.

"ఏమప్పా కండక్టరూ. మదనపల్లెలో మా మనిషి సూసినాడు. ఒక తెల్లచీర మనిషి మీ బస్సెక్కిందంట. మేడకి టికెట్టు తీసిందంట. యాడ?"

 ఏజెంటు మెట్టెక్కి కర్రతో తలలు చూపిస్తూ ఎంచాడు. మూల సీటు దగ్గర కర్ర ఆగింది. "ఎన్ని టికెట్లు?"

"పదిహేడు."

"తలలు పదహారు గదా. ఆ పదిహేడోది యాడ దిగింది? దోవలో దించినావా? ఆ దగ్గుముండని దొంగదావన మేడలోకి తోలతాండావా? సెప్పు."

ఎవరైనా అడిగితే నా నోటి నుంచి తప్పు సంఖ్య ఎప్పుడూ రాలేదు. అప్పుడు కూడా రాకూడదనే అనుకున్నాను. అడిగినదానికి అడిగినంత వరకే జవాబు వెతుక్కున్నాను. "టికెట్టు ఇచ్చినాను సామీ. ఎక్కింది నిజము. స్టేజీలో యాడా దిగలా. దిగాల్సింది ఈడ. ఈడా దిగలా."

ఆ మాటలో ఒక్క అబద్ధం లేదు. మిట్ట కింద స్టేజి లేదు. కలికిరి ముసలావిడ అప్పటికే చింతపండు మూటను గట్టిగా వాటేసుకొని ఉంది. "నేను సెప్తానే ఉండా గదా," అని గొణిగింది.

అప్పుడు మేడలో నుంచి చప్పుడు వచ్చింది.

చెక్క నేల మీద పాదం. గజ్జెలు లేవు, ఉత్త పాదం. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కింద కుండలన్నీ పలుకుతున్నాయి. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ ఎనిమిది. మళ్లీ ఆగింది. ఒకసారి నడుమ ఎక్కడో మొద్దుగా ఒక దెబ్బ పలికింది. బీట కుండ. తొందరలో దాన్ని దాటలేకపోయింది. అందరూ ఆ అడుగులు విని వణికారు. నేను ఆ అడుగుల మధ్య ఖాళీ విని వణికాను. అది ఊపిరి తీసుకునే ఖాళీ. ఒక్కోసారికి పెరుగుతోంది. ఆడొద్దని డాక్టరమ్మ చెప్పిన మనిషి, తల్లి గది కోసం, ఏజెంటు చెవిన పడేటట్టు, ఉన్న ఊపిరంతా ఖర్చు పెట్టి ఆడుతోంది. లోపలికి పోయి ఆపమని చెప్పే మనిషి నేనొక్కణ్ణే ఉన్నాను, పోతే అంతా బయటపడుతుంది.

ఏజెంటు కర్ర కిందికి దిగింది. మొహం మేడ వైపు తిప్పలేకపోయాడు. "పోనీప్పా, బస్సు పోనీ," అన్నాడు. కొట్టంలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

అయిదు ఎనిమిదులు విన్నాను. ఆరోది అయిదు అడుగుల దగ్గర తెగిపోయింది. నేను రైట్ చెప్పాను.

ఆమె గెలిచిందనే అనుకున్నాను. పది రోజులకు తెలిసింది. ఏజెంటు భయపడి ఊరుకోలేదు, దొర దగ్గరికి పోయాడు. ఆ మేడ ఉంటే ఇంటికి అరిష్టమన్నాడు. పడగొట్టి టేకు అమ్మేయమని దొర సెలవిచ్చాడు. దగ్గుకు భయపడి కూతుర్ని రానివ్వలేదు, దయ్యానికి భయపడి ఇల్లే లేకుండా చేశారు. నేను మిట్ట కింద దింపానని చెప్పినా ఆ గది పోయేది, చెప్పకపోయినా పోయింది. ఈ లెక్క చాలా ఏళ్లు తిప్పి తిప్పి చేశాను. ఎటు చేసినా శేషం ఒకటే.

నాలుగో శనివారం ఆమె రాలేదు. సోమవారం పొద్దుటి బస్సు కూడా నాకే వేశారు, మేడ దగ్గరికి వచ్చేసరికి, ఎదురుగా పట్టపగలు రోడ్డు మీద నిలబడి ఉంది. పక్కన తల్లి, ఒక రేకు పెట్టె. వెనక మేడ మీద పెంకులు దించుతున్నారు. ఆమె చాలా చిక్కిపోయింది. ఆ ఆటకు ఆసుపత్రిలో పది రోజులు మళ్లీ మంచం పట్టిందని, తనను తీసుకుపోవడానికి ముందు రోజు బండి కట్టించుకొని వచ్చిందని తల్లి చెప్పింది. మేడ దగ్గర ఆమె ఎక్కడం అదే మొదలు. డ్రైవరు ఆమెను చూశాడు, నన్ను చూశాడు, మూల సీటు చూశాడు. జీవితంలో మొదటిసారి నోరు తెరవలేదు. తానే దిగి పెట్టె ఎత్తి లోపల పెట్టాడు.

"యాడికి?" అని అడిగాను.

"పుంగనూరు పోయి కుప్పం బస్సెక్కాల. ఆడ రైలు. అరవదేశంలో మా అమ్మ చెల్లెలుండాది," అంది. రెండు టికెట్లు చించాను. తల్లి నా చెయ్యి పట్టుకొని, "నువ్వేనా నాయనా లెక్కల అబ్బోడు," అని మొహమంతా తడిమి చూసింది. ఆమెకు చూపు సరిగా లేదు.

పుంగనూరులో కుప్పం బస్సు దాకా పెట్టె నేనే మోశాను. బస్సు కదలడానికి టైము ఉంది. గడియారం చూశాను, పద్నాలుగు నిమిషాలు. ఆరు శనివారాలన్నీ కలిపినదాని కంటే రెండు నిమిషాలు ఎక్కువ. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేను కింద నిలబడి కుప్పంలో రైలు ఎన్నింటికో, టికెట్టు కిటికీ ఏ పక్కనో, అక్కడ మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పాను. పద్నాలుగు నిమిషాలూ అదే చెప్పాను. ఆమె నా మొహంలోకే చూస్తూ ఊఁ కొట్టింది. ఇంకేమైనా వస్తుందా అని ఆగినట్టు కూడా ఉంది. బస్సు కదులుతుంటే అప్పుడు అడిగాను.

"మళ్లా ఎప్పుడొస్తావు?"

"దయ్యాలు సెప్పి వస్తాయా అప్పా," అంది.

ఆ సాయంత్రం ట్రిప్పులో మేడ దగ్గర దిగి చూశాను. చెక్కలు పెరికేశారు. కుండలు నేల మీద వరసగా బోర్లా ఉన్నాయి. ఎంచాను. ముప్పైరెండు. జతలుగా ఎంచలేదు, చివరిదాన్ని వదలలేదు. నడుమ ఒకదానికి మూతి నుంచి అడుగు దాకా బీట.

తర్వాతి ఏడు కంపెనీలో అడిగి కుప్పం లైనుకు మారాను. సొంత ఊరికి దగ్గరని చెప్పాను, అందరూ నమ్మారు. ఆ స్టేషను ముందర పదహారేళ్లుగా బస్సు నిలుపుతున్నాను. రైలు దిగిన ప్రతి తెల్లచీరనూ చూశాను. అమ్మ చూసిన పిల్లనే చేసుకున్నాను, మంచి మనిషి. ఇద్దరు బిడ్డలు. భార్యకు ఈ సంగతి చెప్పాను, చెప్పకుండా దాచింది ఏమీ లేదు. విని, "పాపం, ఆయమ్మ బతికిందో లేదో," అంది. నాకూ తెలియదు. ఆ తెలియకపోవడమే మిగిలింది.

మొన్న కుప్పంలో ఒక పొగాకు వ్యాపారి పక్క మనిషికి ఈ దయ్యం కథ చెబుతుంటే విన్నాను. పదిహేడు టికెట్లు, పదహారు తలలు అని సంఖ్యలతో సహా సరిగ్గా చెప్పాడు. "కండక్టరే ఒప్పుకున్న్యాడంట అప్పా. ఆయప్ప ఒక్క లెక్క తప్పు సెప్పే మనిషి కాదంట," అన్నాడు. నేను టికెట్టు చించి ఇచ్చి ముందుకు పోయాను.

పోయిన నెల మదనపల్లెలో పని పడింది. తిరిగి వస్తూ పుంగనూరు బస్సును మిట్ట కింద ఆపమన్నాను. ఇప్పుడు బస్సులు ఆ మిట్టను ఆరు నిమిషాల్లో ఎక్కేస్తాయి. ఎవరూ దిగరు, ఎవరూ నెట్టరు. ఈడ దిగేవాళ్లు ఎవరూ ఉండరే అని ఆ కండక్టరు గొణుక్కున్నాడు. కాలిబాట ఇంకా ఉంది, మేకలు తిరుగుతున్నట్టుంది. మేడ కూలిన వారంలో ఒకసారి దాన్ని ఎక్కి ఎంచాను. వెనక మెట్టు రాయి దాకా నాకు నాలుగు వందల యాభై ఒకటే వచ్చింది. నా అడుగు పెద్దది. ఆమె లెక్క తప్పనుకోలేదు.

ఈసారి అడుగు కుదించుకున్నాను. మగవాడి అడుగు అట్లా కుదించడం తేలిక కాదు. కాలు తన అలవాటు చొప్పున ముందుకు పోతుంది. ఎనిమిది వేసి ఆగాను. ఊపిరి తీసుకున్నాను. మళ్లీ ఎనిమిది. నలభైఎనిమిదేళ్ల మనిషికి ఆ ఆగడం అవసరంగానే ఉంది. అరవైనాలుగో ఎనిమిది పూర్తయ్యేసరికి తలెత్తి చూస్తే మెట్టు రాయి ఇంకా పదకొండు అడుగుల అవతల ఉంది. మరీ ఎక్కువ కుదించాను. ఆమె అడుగు నేను అనుకున్నంత చిన్నది కాదు.

పైన మేడ ఉన్న చోట ఎవరో అలసంద వేశారు. ఆఖరి బస్సుకు ఇంకా గంటన్నర టైముంది. మళ్లీ మొదటి నుంచి ఎంచడానికి కిందికి దిగాను.